జార్జ్ స్టీఫెన్సన్ – ఎత్తు ఎక్కే రైలు లెక్క

ఇక్కడి బడుల్లో పై తరగతులు చదివే మన పిల్లలకు ఫిజిక్సులో ఒక లెక్క ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. ఒక కారు, దాని వెనుక తగిలించిన ట్రెయిలరు, రెండూ ఏటవాలు రోడ్డు మీద పైకి వెళుతుంటాయి. రెండింటినీ కలిపే కడ్డీ మీద ఎంత లాగుడు పడుతుందో చెప్పాలి. ఇదే లెక్కను బొగ్గు బండ్లతో చేసి చూసి, దాని ఆధారంగా రైలు దారులు వేసిన మనిషి కథ ఈసారి చెప్పుకుందాం. పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా ఆయనకు చదవడం, రాయడం రాదు.

జార్జ్ స్టీఫెన్సన్ 1781 జూన్ 9న ఉత్తర ఇంగ్లండులో, న్యూకాజిల్ దగ్గరున్న వైలమ్ అనే పల్లెలో పుట్టారు. తండ్రి బొగ్గు గనిలో నీళ్లు తోడే ఆవిరి యంత్రానికి బొగ్గు వేసే కూలీ. పిల్లల్ని బడికి పంపే స్తోమత ఆ ఇంటికి లేదు. జార్జ్ చిన్నప్పుడు ఆవులు కాసి, తరువాత తండ్రిలాగే గని యంత్రాల దగ్గర పనిలో చేరారు. పద్దెనిమిదో ఏట పగలంతా పని చేసి, రాత్రి బడికి వెళ్లి అక్షరాలు, అంకెలు దిద్దారు. 1803లో కొడుకు రాబర్ట్ పుట్టాడు. 1805లో పుట్టిన ఆడపిల్ల కొద్ది వారాలకే పోయింది. మరుసటి ఏడు భార్య ఫ్రాన్సెస్ కూడా కన్నుమూశారు. గనిలో ప్రమాదం జరిగి తండ్రికి చూపు పోయింది.

ఇన్ని కష్టాల్లోనూ కొడుకును మాత్రం న్యూకాజిల్‌లో మంచి బడిలో వేశారు. రాబర్ట్ అక్కడి గ్రంథాలయం పుస్తకాలు ఇంటికి తెస్తే తండ్రీ కొడుకులు కలిసి చదివేవారు. పిల్లల హోంవర్కు పక్కన కూర్చుని తామూ నేర్చుకునే అమ్మానాన్నలు మనలోనూ ఉన్నారు కదా, వారికి ఈ ఇల్లు కొత్తగా అనిపించదు.

1811లో కిల్లింగ్‌వర్త్ గనిలో ఎవరికీ లొంగని పంపు యంత్రాన్ని జార్జ్ బాగుచేశారు. మరుసటి ఏడాది ఆ గనుల యంత్రాలన్నిటి బాధ్యతా ఆయనకే అప్పగించారు. 1814లో తొలి రైలింజను తయారుచేశారు. దాని పేరు బ్లూకర్. అది బొగ్గు నింపిన 8 బండ్లను, మొత్తం 30 టన్నులను, గంటకు 4 మైళ్ల వేగంతో ఎత్తు మీదికి లాగింది. ఆ ఎత్తు ఎంతంటే 450 అడుగులు ముందుకు వెళితే ఒక అడుగు పైకి లేస్తుంది. కంటికి చదునుగానే కనిపిస్తుంది, కానీ యంత్రానికి తెలుస్తుంది!

పిల్లలూ, పెన్సిలు తీయండి. 30 టన్నులంటే సుమారు 30,000 కిలోలు. వాలు వల్ల అందులో 450వ వంతు, అంటే సుమారు 67 కిలోల బరువు, బండ్లను వెనక్కి లాగుతుంది. ఒక పెద్ద మనిషి బరువంత అన్నమాట. చక్రాల ఘర్షణ దీనికి అదనం. స్టీఫెన్సన్ తరువాత కొలిచిన ప్రకారం ఘర్షణను టన్నుకు సుమారు 4 కిలోలనుకుంటే, 30 టన్నులకు 120 కిలోలు. మొత్తం 187. వేగం మారకుండా నడిచేటప్పుడు ముందుకు లాగే బలమూ వెనక్కి లాగే బలమూ సమానమని న్యూటన్ మొదటి సూత్రం చెబుతుంది. కాబట్టి ఇంజనుకూ మొదటి బండికీ మధ్యనున్న గొలుసు 187 కిలోల బరువంత లాగుడు మోయాలి. చివరి గొలుసు వెనుక ఒక్క బండే ఉంది, దాని మీద పడేది అందులో ఎనిమిదో వంతు, 23 కిలోలు. వేగం పెంచాలంటే రెండో సూత్రం ప్రకారం ఇంకొంచెం బలం కావాలి. చక్రం పట్టాను వెనక్కి నెడితే పట్టా ఇంజనును ముందుకు నెట్టడం మూడో సూత్రం. ఇంజను తన బరువును కూడా తానే పైకి మోసుకెళ్లాలని మరవకండి.

1818లో నికొలస్ వుడ్ అనే మిత్రుడితో కలిసి స్టీఫెన్సన్ ఈ బలాలను కొలిచారు. 260 అడుగులకు ఒక అడుగు లేచే చిన్న వాలు కూడా ఇంజను శక్తిలో సగం తినేస్తుందని తేల్చారు. మా దృష్టిలో ఆయన ఇంజన్ల కన్నా ఇదే పెద్ద విషయం. రైలుకు దారి ఎంత చదునుగా ఉంటే అంత మేలని, కొండ అడ్డొస్తే తవ్వాలని, లోయ వస్తే వంతెన కట్టాలని ఆయన పట్టుబట్టింది ఈ లెక్క వల్లే. అరకు వెళ్లే రైలు కొండను నిటారుగా ఎక్కకుండా చుట్టూ తిరిగి, సొరంగాలు దాటి వెళ్లడంలో ఉన్న సూత్రమూ ఇదే.

1825లో లివర్‌పూల్–మాంచెస్టర్ రైలు దారి కోసం పార్లమెంటు కమిటీ ముందు నిలబడ్డారు. పేరున్న లాయర్లు రోజుల తరబడి ప్రశ్నలు గుప్పించారు. ఆయన ఉత్తరాది యాస అక్కడ నవ్వులాటయింది. యాస సంగతి మనకు ఒకరు చెప్పనక్కరలేదు. అయితే సర్వేలో ఎత్తుల కొలతలు నిజంగానే తప్పాయి, సహాయకుల పనిని ఆయన సరిచూసుకోలేదు. ఎత్తులే ప్రాణంగా పనిచేసిన మనిషికి అంతకన్నా అవమానం ఉండదు. బిల్లు వీగిపోయింది.

అదే ఏడాది సెప్టెంబరు 27న స్టాక్టన్–డార్లింగ్టన్ రైలు ఆయన ఇంజనుతో నడిచింది. అక్కడ పడమటి కొండల దగ్గర మాత్రం బండ్లను తాళ్లతో పైకి లాగడానికి కదలని ఆవిరి యంత్రాలు పెట్టక తప్పలేదు. 1826లో లివర్‌పూల్ దారికి అనుమతి వచ్చింది, పని మళ్లీ ఆయనకే దక్కింది. రాయి తవ్వి ఆలివ్ మౌంట్ కోత, శాంకీ లోయ మీద తొమ్మిది కమానుల వంతెన, చాట్ మాస్ బురద మీద తేలే దారి, అన్నీ వాలు తగ్గించి దారిని సమంగా ఉంచేందుకే. 1829 అక్టోబరులో రెయిన్‌హిల్ దగ్గర జరిగిన పోటీలో తండ్రీ కొడుకుల రాకెట్ ఇంజను 500 పౌండ్ల బహుమతి గెలిచింది. దాని తయారీలో ఎక్కువ పని రాబర్ట్‌దే. 1830 సెప్టెంబరు 15న ఆ దారి మొదలైంది.

చివరి రోజులు ఆయన చెస్టర్‌ఫీల్డ్ దగ్గర టాప్టన్ హౌస్‌లో, తోటపనిలో గడిపారు. కీరదోసకాయలు వంకరగా పెరగడం నచ్చక గాజు గొట్టాలు చేయించి వాటిలో తిన్నగా పెంచారట. 1848 ఆగస్టు 12న, 67వ ఏట మరణించారు.