మన్యం జ్వరం గుట్టు విప్పిన రొనాల్డ్ రాస్



శీతాకాలం సెలవులు రాగానే మీలో చాలామంది పిల్లలతో అరకు బయలుదేరతారు. వందేళ్ల కిందట ఆ కొండల పేరు చెబితేనే మైదాన ప్రాంతాలవారు జంకేవారు. ఏజెన్సీలో ఉద్యోగం పడితే శిక్షలా భావించేవారు. కారణం మన్యం జ్వరం. అక్కడి గాలి, నీళ్లు పడకే అది వస్తుందని నమ్మేవారు. ఓడలెక్కి అమెరికా వలసలనూ పీడించిన ఈ జ్వరానికి ఇటలీవారు పెట్టిన పేరు మలేరియా. ఆ మాటకు అర్థమే చెడుగాలి. దీని గుట్టు మన సికింద్రాబాదులో విప్పిన డాక్టరు కథ ఈ నెల మీకోసం.

రొనాల్డ్ రాస్ 1857 మే 13న హిమాలయాల్లోని అల్మోరాలో పుట్టారు. తండ్రి సైనికాధికారి. రాస్‌కు కవిత్వం, సంగీతం, లెక్కలంటే ప్రాణం. తండ్రి మాత్రం డాక్టరు కావాల్సిందేనన్నారు. 1874లో లండన్‌లో వైద్యవిద్యలో చేరినా మనసు అందులో లేదు. ఒక పరీక్ష రెండోసారికి గానీ గట్టెక్కలేదు. 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి మన దేశానికి వచ్చారు.

1894లో సెలవుపై లండన్ వెళ్లినప్పుడు ప్యాట్రిక్ మాన్సన్ అనే డాక్టరు ఆయనకు మైక్రోస్కోపులో మలేరియా క్రిమిని చూపించారు. దాన్ని 1880లోనే లావెరాన్ కనిపెట్టారు. అది మనిషి నుంచి మనిషికి ఎలా చేరుతుందో మాత్రం ఎవరికీ తెలియదు. మాన్సన్ అనుమానం దోమ మీద. చదువులో చేరిన ఇరవై ఏళ్లకు రాస్‌కు తనదైన ప్రశ్న ఒకటి దొరికింది. ఇక ఆయన్ని ఎవరూ తొందరపెట్టాల్సిన పని లేకపోయింది.

1895లో సికింద్రాబాదులో దోమల్ని కోసి చూడటం మొదలుపెట్టారు. మధ్యలో కలరా అదుపు చేసే పని మీద బెంగళూరు వెళ్లాల్సి వచ్చింది. 1897లో ఊటీ వెళ్తే ఆయనకే మలేరియా పట్టుకుంది. అయినా వదల్లేదు. అన్నాళ్లూ ఆయన చూసినవి ఆ క్రిమిని మోయని రకం దోమలు. ఆగస్టు ఉక్కలో పంకా వేస్తే దోమలు ఎగిరిపోతాయని చెమటలోనే పనిచేశారు. ఆ చెమటకు మైక్రోస్కోపు మరలు తుప్పుపట్టాయి. హుసేన్ ఖాన్ అనే రోగి డబ్బు తీసుకుని దోమలతో కుట్టించుకున్నారు. ఆగస్టు 20న, రెక్కల మీద మచ్చలున్న ఓ దోమ కడుపు గోడలో క్రిమి కనిపించింది. ఆ రకమే అనాఫిలిస్.

మరుసటి ఏడాది కలకత్తాలో పక్షుల మీద పరిశోధించి, క్రిమి దోమ లాలాజలంతో పాటు ఒంట్లోకి వెళ్తుందని తేల్చారు. మనుషుల్లోనూ అంతేనని అదే ఏడాది ఇటలీ శాస్త్రవేత్తలు నిరూపించారు. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. 1932లో లండన్‌లో కన్నుమూశారు. ఆగస్టు 20ని ఇప్పటికీ ప్రపంచ దోమల దినంగా జరుపుకుంటున్నాం.

అరకు, పాడేరు కొండల్లో మలేరియా ఇంకా పూర్తిగా పోలేదు. మీరు వెళ్తే సాయంత్రం నుంచి పిల్లలకు ఒళ్లంతా కప్పే బట్టలు వేయండి, దోమతెరలో పడుకోబెట్టండి. దోమ కుట్టాక జ్వరం బయటపడటానికి కనీసం వారం పడుతుంది, ఒక్కోసారి నెలలు కూడా పట్టవచ్చు. తిరిగి వచ్చాక చలిజ్వరం వస్తే, ఏజెన్సీకి వెళ్లొచ్చామని డాక్టరుకు చెప్పి వెంటనే రక్తపరీక్ష చేయించండి. మన పిల్లలకు ఇది నాలుగు రోజుల జాగ్రత్త. గూడేల్లోని పిల్లలకు ఏటా వానలతో పాటే వచ్చే గండం. ఈ తేడాను కూడా మీ పిల్లలకు చెప్పండి.