గణితావధాని లక్కోజు సంజీవరాయశర్మ

అనంతపుర మండలమునుండి తూర్పుగా పారు పెన్న కడప మండలమున ప్రొద్దుటూరు చెంతకు వచ్చును. అనావృష్టికి పేరుపడిన ఆ సీమలోనే, ప్రొద్దుటూరు తాలూకా కల్లూరు గ్రామమున 1907 నవంబరు 22వ తేదీన లక్కోజు సంజీవరాయశర్మ జన్మించిరి. వారు పుట్టంధులు. సోదరి ఇంటివద్ద బిగ్గరగా చదువు లెక్కల పాఠములను వినుటయే వారి విద్యాభ్యాసము. పలకయు పుస్తకమును లేని ఆ చదువునకు శ్రవణమే ద్వారము, ధారణయే భాండాగారము.

1928 నవంబరులో నంద్యాలలో వారి తొలి గణితావధానము జరిగెను. దత్తమండలములకు రాయలసీమ యను పేరు ఆమోదింపబడినదియు ఆ నెలలో ఆ పట్టణముననే. ఆ పేరు సూచించిన చిలుకూరి నారాయణరావు అనంతపుర కళాశాలలో అధ్యాపకులు. పిదప శర్మగారు వేలకొలది అవధానములు చేసిరి. జన్మదినము తెలిపినంతనే వారమును, తిథిని, నక్షత్రమును చెప్పుచుండిరి. వయొలిన్ వాద్యమందును ప్రవీణులు. శ్రీకాళహస్తిలో చిరకాలము వసించిరి.

1966 డిసెంబరు 7న హైదరాబాదు సభలో, నూటమూడు రెండ్లను వరుసగా గుణించిన లబ్ధమెంతయని పృచ్ఛకు లడిగిరి. శర్మగారు చెప్పిన సంఖ్య 10141204801825835211973625643008. అంకెలు ముప్పదిరెండు.

దీనిని విని ఆశ్చర్యపడుటతో విడువరాదు, పరీక్షింపవలెను. ఛందశ్శాస్త్రమున ఇది నూటమూడక్షరముల పాదమునకు గల గురులఘుప్రస్తారభేదముల సంఖ్య. బేసియైనచో ఒకటి తీసి ద్విగుణించుట, సరియైనచో సగము చేసి వర్గించుట యను పింగళుని క్రమముచే ఆరు వర్గములు, ఐదు ద్విగుణనములు మాత్రమే చాలును. రెంటి ఘాతముల కడపటి అంకె 2, 4, 8, 6 అని తిరుగుచుండును. 103ను నాలుగుచే భాగింప శేషము 3. కావున మూడవదైన 8 రావలెను, వచ్చినది. రెండవ ఆర్యభటుని మహాసిద్ధాంతమున చెప్పబడిన నవశేషపరీక్షయు కలదు. ఆ ఘాతములను తొమ్మిదిచే భాగించిన శేషములు ఆరింట నొకమారు తిరుగును. 103ను ఆరుచే భాగింప శేషము 1 గాన, నవశేషము 2 కావలెను. పై సంఖ్య యంకెల మొత్తము 110. దాని నవశేషము 2.

ఇట్టి పరీక్షలు దోషమును పట్టగలవే గాని నిర్దోషతను పూర్తిగా స్థాపింపజాలవు. అందులకు పూర్ణగుణనమే శరణ్యము. అదియు చేసి చూచిన, ఒక్క యంకెయు తప్పలేదు.

సాహిత్యావధానమున గుణదోషవిచారము రసజ్ఞుల యభిరుచిని బట్టి మారవచ్చును. గణితావధానమున అట్టి వెసులుబాటు లేదు. ముప్పదిరెండింట ఒక్కటి తప్పిన సర్వమును తప్పే. శర్మగారి ప్రజ్ఞను దైవదత్తమని కొనియాడి యూరకుండుటకంటె, వారి సమాధానములను ఇట్లు శోధించుటయే వారికి తగిన గౌరవము. 1997 డిసెంబరు 2న వారు దివంగతులైరి. ప్రాచ్యకళాశాలలలో పింగళుని ప్రత్యయములు బోధించునపుడు ఈ సంఖ్య నుదాహరణముగ నిచ్చినచో, శాస్త్రమును ఈ రాయలసీమ పండితుని స్మృతియు ఒక్కసారిగా విద్యార్థికి అందును.