డాక్టరు రూపాబాయి ఫర్దూన్జీ – జీవిత సంగ్రహము

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకొక మహనీయ చరిత్రము వ్రాయుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. రాజులనుగూర్చియు కవులనుగూర్చియు వ్రాయువారు పెక్కురు గలరు. మన బాటసింగారము వారు పట్టణములో నిత్యము తిరుగు చాదర్‌ఘాటు, సుల్తాన్‌బజారు, అఫ్జల్‌గంజు ప్రాంతములలోనే దాదాపు ముప్పది యేండ్లు రోగులకు మత్తునిచ్చి కాపాడిన స్త్రీరత్నమును మనలో ఎరిగినవారు కొద్దిమంది. ఆమెయే డాక్టరు రూపాబాయి ఫర్దూన్జీ. మత్తు వైద్యమును చేపట్టిన తొలి మహిళ ప్రపంచమున ఈమెయే యని పలువురు చెప్పుదురు.

క్లోరోఫారము రాకముందు శస్త్రచికిత్స యనగా నరకయాతనయే. 1847లో ఎడింబరో వైద్యుడు సింప్సన్ దానిని వాడుకలోనికి తెచ్చెను. లోకము సంతోషించెను. కాని మరుసటి జనవరిలోనే ఇంగ్లండులో హన్నా గ్రీనర్ అను పదునైదేండ్ల బాలిక, కాలిగోరు తీయుటకై ఇచ్చిన క్లోరోఫారముతో ప్రాణము విడిచెను. గోరు కొరకు పోయి ప్రాణము పోగొట్టుకొన్న ఆ బిడ్డ కథ తలిదండ్రుల గుండెలలో భయము నాటెను. మత్తులో ముందాగునది ఊపిరియా, గుండెయా యను వివాదము నలువదేండ్లు సాగెను.

ఆ వివాదమునకు హైదరాబాదు వేదిక యయ్యెను. ఇచ్చటి వైద్య పాఠశాలకు ప్రధానాచార్యుడైన ఎడ్వర్డ్ లారీ దొర స్త్రీవిద్యను ప్రోత్సహించినవాడు. 1885లో ఆ పాఠశాలలో చేరిన ఐదుగురు స్త్రీలలో పార్శీ కుటుంబమునకు చెందిన రూపాబాయి యొకతె. ఆడపిల్ల బడికి పోవుటయే వింతయైన ఆ కాలమున, ఆమె మగవారితో కూడి చదివి, 1889లో హకీము పట్టము పొందెను.

విద్యార్థినిగానున్నప్పుడే ఆమె హైదరాబాదు క్లోరోఫారము కమీషనుల పరిశోధనలలో పాలుపంచుకొనెను. 1888 నాటి మొదటి కమీషను తీర్పును లండనులోని లాన్సెట్ పత్రిక శంకింపగా, ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ వేయి పౌనులిచ్చి, ఆ పత్రిక తరఫున బ్రంటన్ అను పండితుని రప్పించెను. 1889లో రెండవ కమీషను 400కు పైగా కుక్కలమీదను, ఇతర జంతువులమీదను పరీక్షలు జరిపి, ముందాగునది ఊపిరియే, దానిని కనిపెట్టియున్న గుండెకు భయములేదని తేల్చెను.

పట్టము పొందిన పిమ్మట 1889 మొదలు 1917 వరకు రూపాబాయి రెసిడెన్సీ ఆసుపత్రి, అఫ్జల్‌గంజు ఆసుపత్రి, విక్టోరియా జనానా ప్రసూతి ఆసుపత్రులలో మత్తునిచ్చు పనిచేసెను. నేటి యంత్రములు నాడు లేవు. రోగి రొమ్ము కదలిక, పెదవుల రంగు, కనుపాప, ఇవియే ఆధారములు. మందు కొంచెము మించిన ప్రాణాపాయము, తగ్గిన భరింపరాని బాధ.

అట్టి అనుభవశాలి ఇక నేర్వవలసినది లేదని కూర్చుండవచ్చును. ఆమె కూర్చుండలేదు. ఇరువదేండ్ల సేవ తరువాత, 1909లో ఎడింబరో నగరమునకు పోయి, భౌతిక రసాయన శాస్త్రములలో మరల విద్యార్థినియై డిప్లొమా పొందెను. మత్తు వైద్యమునకు ప్రత్యేకమైన డిప్లొమా ఇంగ్లండులోనే 1935 వరకు వెలువడలేదు. వాయువుల నడతను, మందుల గుణమును తెలిసికొనుటకు ఆమె ఎంచుకొన్న దారి అది. పిమ్మట చాదర్‌ఘాటు ఆసుపత్రి సూపరింటెండెంటై, 1920లో విశ్రాంతి తీసికొనెను.

ఆ మరుచదువు ఎంత అవసరమో కాలమే చూపెను. 1911లో లెవీ అను ఆంగ్ల వైద్యుడు, క్లోరోఫారము తేలికగా పట్టిన స్థితిలోనే గుండె లయతప్పి హఠాత్తుగా ఆగగలదని నిరూపించెను. కమీషను తీర్పులో సగమే నిలిచెను. ఊపిరిని కనిపెట్టుడను మాట నేటికిని నిజము. గుండెకు భయములేదనుట మాత్రము తప్పు. 1956లో హాలోథేను వాడుకలోనికి వచ్చిన పిమ్మట క్లోరోఫారమే మూలబడెను. లెక్కలు వ్రాసి బ్రదుకు నాకు ఇందులో వింత తోపదు. నిన్నటి చిట్టాను సరిచూడక నేటి ఆవర్జాలోనికి నిల్వ దించుట తప్పు. శాస్త్రమునకును అంతియే.

పసిబిడ్డల విషయమున ఈ సరిచూపు మరింత ముఖ్యము. శిశువు చిన్న పెద్దమనిషి కాడు. బరువునుబట్టి చూడ వానికి ప్రాణవాయువు పెద్దలకంటె రెండింతలు కావలెను. నిల్వ తక్కువ. శ్వాసమార్గము సన్నము. ఊపిరి క్షణము తప్పిన రంగు మారును. ఆ మధ్య నా మనుమనికి గజ్జలలో శస్త్రచికిత్స జరిగినప్పుడు, మత్తు డాక్టరు వాని బరువెంత, పాలు త్రాగి ఎంతసేపైనది, జలుబున్నదా యని మరల మరల అడుగగా నాకు విసుగు పుట్టెను. పిదప తెలిసినది. బరువునుబట్టియే మందు. కడుపులోని పాలు పైకివచ్చి ఊపిరితిత్తులలో దిగవచ్చును. జలుబున్న గొంతు బిగియవచ్చును. ఆ ప్రశ్నలే మనుమనికి రక్ష.

వైద్యులు ఐదేండ్లకు 30 గంటలైన విద్యాసభలలో పాల్గొనవలెనని భారత వైద్య మండలి 2002లో నియమము చేసెను. అట్టి నియమమేదియు లేని నాడే రూపాబాయి సముద్రములు దాటి చదివెను. గ్రామస్థులు బిడ్డకు మత్తనగానే బెదరి చికిత్స మానరాదు. డాక్టరు అడిగినది దాచక చెప్పవలెను. మనకు తోచినది సంకోచింపక అడుగవలెను. బడి విడిచిన తరువాతనే అసలు చదువు మొదలగునని ఇరువదియైదేండ్లుగా మన గ్రంథాలయము చెప్పుచున్నది. ఆ మాటను బ్రదికి చూపిన ఈ విదుషీమణిని మన బాలికలకు పరిచయము చేయుటయే ఈ వ్యాసోద్దేశము.