గరిటె పట్టిన సన్యాసి: బ్రదర్ లారెన్స్ కథ

ఈ వారం వీడియోలో చెప్పిన కథకి ఇది పొడిగింపు అనుకోండి. అక్కడ టైం సరిపోక వదిలేసినవన్నీ ఇక్కడ రాస్తున్నాను.

ముందు నా సంగతి కొంచెం. పోయిన ఏడాది అమ్మకి మోకాలి ఆపరేషన్ అయ్యాక రెండు నెలలు వంటిల్లు నా చేతికొచ్చింది. పొద్దున్నే కాఫీ, టిఫిను, నాన్నకి షుగర్ కాబట్టి విడిగా జొన్నరొట్టె, తొమ్మిదిన్నరకల్లా ఆఫీసు కాల్. సాయంత్రానికి సింకు నిండా గిన్నెలు. ఆ రెండు నెలలూ నా జపమాల దేవుడి గదిలో మేకుకి వేలాడుతూనే ఉంది. వారం వారం భక్తి గురించి మీకు చెప్పేదాన్ని, మా ఇంట్లో దీపం మాత్రం అమ్మ మంచం మీంచి గుర్తు చేస్తే వెలిగేది. లోపల చాలా సిగ్గుగా ఉండేది. అప్పుడే ఒక క్రిస్టియన్ ఫ్రెండ్ ఓ చిన్న పుస్తకం ఇచ్చింది. నిజం చెప్పాలంటే మొహమాటానికి తీసుకున్నాను. కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టుకుంటూ చదివాను.

ఆయన అసలు పేరు నికోలా ఎర్మాన్. సుమారు 1614లో, ఇప్పటి ఫ్రాన్స్‌లో ఉన్న లొరేన్ ప్రాంతంలో, లూనెవిల్ దగ్గర ఎరిమెనిల్ అనే పల్లెలో పుట్టాడు. పేద కుటుంబం, పెద్ద చదువు లేదు. పద్దెనిమిదేళ్ల వయసులో, చలికాలంలో, ఆకు ఒక్కటి కూడా లేని చెట్టు చూశాడట. కొన్నాళ్లు పోతే ఇదే చెట్టు మళ్లీ చిగురిస్తుంది, పూస్తుంది, కాస్తుంది కదా అనిపించింది. అంతే. దర్శనం లేదు, ఆకాశవాణి లేదు. ఆ చెట్టు దగ్గర కలిగిన దైవభావం మాత్రం జీవితాంతం ఆయన్ని వదల్లేదు.

కానీ వెంటనే సన్యాసి అయిపోలేదు. అది ముప్ఫై ఏళ్ల యుద్ధం యూరప్‌ని తగలబెడుతున్న కాలం. నికోలా సైన్యంలో చేరాడు. ఒకసారి గూఢచారి అనుకుని శత్రువులు పట్టుకున్నారు, ఉరి దాకా వచ్చి బయటపడ్డాడు. తర్వాత కాలికి గాయమైంది, ఆ కుంటితనం చివరి దాకా ఉండిపోయింది. సైన్యం వదిలాక ఒక పెద్దమనిషి దగ్గర నౌకరుగా కుదిరాడు. అక్కడ పట్టుకున్నదల్లా పగలగొట్టేవాడని తన గురించి తనే చెప్పుకున్నాడు! (ఈ ముక్క చదివాకే నాకు ఈయన మీద ప్రేమ పుట్టింది. అమ్మ పింగాణీ కప్పులు ఆరింట్లో ఇప్పుడు నాలుగే ఉన్నాయి.)

1640లో పారిస్‌లోని కార్మెలైట్ మఠంలో చేరాడు. ఫాదర్‌గా కాదు, పనులు చేసే బ్రదర్‌గా. లారెన్స్ అన్నది అక్కడ పెట్టిన పేరు. తన మొద్దుతనానికి అక్కడ బాగా శిక్ష పడుతుందని ఆశపడి వెళ్లాడట, తీరా చూస్తే సంతోషం దొరికిందని తర్వాత సరదాగా చెప్పేవాడు.

ఆ సంతోషం మాత్రం చేరిన రోజే దొరకలేదు. వీడియోలో ఈ భాగం తొందరగా దాటేశాను, అది నా తప్పే. మొదటి పదేళ్లు ఆయన లోపల నలిగిపోయాడు. అందులో నాలుగేళ్లు తాను నరకానికే పోతానని గట్టిగా నమ్మాడు, ఎవరు చెప్పినా ఆ నమ్మకం పోలేదు. ఆ కాలపు క్రైస్తవుడికి నరకం అంటే తిరిగిరాని చోటు. మనకైతే ఇంకో జన్మ ఉందన్న ఆలోచన ఎక్కడో ఉంటుంది, ఆయనకి ఆ ఆసరా కూడా లేదు. చివరికి ఒక నిర్ణయానికొచ్చాడు: నేను దేవుణ్ణి ప్రేమించి ఇక్కడికి వచ్చాను, నన్ను రక్షించినా రక్షించకపోయినా బతికున్నన్నాళ్లూ ఆ ప్రేమతోనే పని చేస్తాను. ఈ బేరం లేని మాట మీద నిలబడ్డాకే ఆయనకి శాంతి మొదలైంది.

ఇంతకీ ఆయన పని ఏమిటి? వంటిల్లు. అదీ ఆయనకి సహజంగా అస్సలు ఇష్టం లేని పని. అయినా పదిహేనేళ్లు చేశాడు. పని మొదలుపెట్టే ముందు దేవుడితో ఒక మాట, మధ్యలో ఒక మాట, అయ్యాక ఒక మాట. పెనం మీద ఆమ్లెట్టు తిరగేసినా ఆయన కోసమే. అందరూ ప్రార్థనకి వెళ్లే గంటకీ, గిన్నెలు మోగే గంటకీ తనకి తేడా లేకుండా పోయిందన్నాడు.

తప్పు చేస్తే? నాకు బాగా తగిలింది ఇదే. తప్పు ఒప్పుకుని, నన్ను నాకే వదిలేస్తే ఇలాగే చేస్తాను, నువ్వే సరిచెయ్యాలి అని దేవుడికి చెప్పి, మళ్లీ పనిలో పడేవాడు. ఇక దాని గురించి కుమిలిపోవడం ఉండదు. వినయం అంటే తల వంచుకుని కూర్చోవడమే అనుకునేదాన్ని. రెండు నెలలు సిగ్గుపడుతూ నేను చేసింది వినయం కాదు, నా గురించి నేను ఆలోచించుకోవడమే అని అప్పుడు అర్థమైంది.

ఒకసారి మఠం కోసం ద్రాక్షసారా కొనడానికి బర్గండీకి పంపారు. వ్యాపారం రాదు, కాలు సరిగా లేదు. పడవలో అటూ ఇటూ కదలాలంటే పీపాల మీద దొర్లుకుంటూ వెళ్లాల్సి వచ్చింది. ఇది నీ పనే కదా అని దేవుడికే అప్పజెప్పాడు. పని బాగానే అయ్యింది. తర్వాత కాలు మరీ ఇబ్బంది పెట్టడంతో చెప్పులు కుట్టే పనికి మార్చారు. ఆ మఠంలో బూట్లు వేసుకోరు, చెప్పులే.

ఇది మన కర్మయోగమే కదా అని మీరు అంటారు, తెలుసు. గీత తొమ్మిదో అధ్యాయం నాకూ గుర్తొచ్చింది. కానీ తొందరపడి ఆయన్ని మన లెక్కలో కలిపేసుకోవద్దని నా మనవి. ఆయన ప్రేమించింది యేసుని, ఆయన భాష చర్చి భాష. పక్కింటి పెద్దాయన దగ్గర కూర్చుని విన్నట్టు వింటే చాలు.

1666 ఆగస్టులో జోసెఫ్ ద బోఫోర్ అనే ఫాదర్ ఆయన్ని మొదటిసారి కలిసి, విన్నది రాసుకున్నాడు. ఫెనెలోన్ అంతటి పండితుడు కూడా జబ్బుగా ఉన్నప్పుడు వచ్చి చూసి వెళ్లాడు. 1691 ఫిబ్రవరి 12న లారెన్స్ కన్నుమూశాడు. పుస్తకం ఏదీ రాయలేదు. బోఫోర్ రాసుకున్న సంభాషణలు, కొన్ని ఉత్తరాలు కలిపి తర్వాత అచ్చువేశారు. నేను కుక్కర్ పక్కన చదివింది దాన్నే.

అమ్మ ఇప్పుడు నడుస్తోంది. వంటిల్లు తిరిగి తీసేసుకుంది, గిన్నెలు మాత్రం నాకే వదిలేసింది. వచ్చే వారం సక్కుబాయి కథ, పండరీపురం వెళ్దాం.