విలియం స్టూవర్ట్ హాల్‌స్టెడ్

స్త్రీల రొమ్మున పుట్టెడి రాచపుండు, అనగా క్యాన్సరు, ప్రాకినచో తరచుగా మొదట చంకలోని లింఫు గ్రంథులను చేరును. ఈ గ్రంథులు వాచినపుడే బిళ్ల కట్టినదని మనవారందురు. వానిని గూర్చి వైద్యలోకమును యోచింపజేసిన హాల్‌స్టెడ్ పండితుని చరిత్రమును మా చదువరులకు సంగ్రహముగా తెలుపుచున్నాము.

ఈయన 1852 సెప్టెంబరు 23వ తేదీన న్యూయార్కు నగరమున జన్మించెను. 1877లో వైద్యపట్టము నంది, ఐరోపాలో రెండేండ్లు విద్య నభ్యసించెను. 1884లో కొకెయినుతో దేహభాగములకు తిమ్మిరి కలిగించు పద్ధతిని తనమీదనే పరీక్షించుకొని, ఆ మందునకు బానిస యయ్యెను. చికిత్సానంతరము మిత్రుడగు విలియం వెల్చి చేయూత నొసగి బాల్టిమోరునకు పిలిపించెను. అచట 1889లో తెరువబడిన జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో ఈయన శస్త్రవైద్యులకు ప్రధానుడయ్యెను. మందునీళ్లచే చేతులు పొక్కిన యొక నర్సుకై రబ్బరు చేతితొడుగులు చేయించి, 1890లో నామెనే వివాహమాడెను.

ఆ కాలమున శస్త్రచికిత్స చేసినను పుండు అచటనే మరల మొలచుట సామాన్యము. అందుచే ఈయన రొమ్మును, ఛాతి కండరములను, చంక గ్రంథులను ఒక్కటిగా తీసివేయసాగెను. 1894లో ప్రకటించిన 50 మందిలో ముగ్గురికి మాత్రమే అదేచోట వ్యాధి తిరుగబెట్టెను. లోకము కొనియాడెను. కాని పెక్కుమంది స్త్రీలు చేయి వాచి, భుజ మాడక, జీవితాంతము బాధపడిరి. గ్రంథులకు వ్యాధి సోకనివారే యెక్కువగా బ్రదుకుచున్నారని 1907లో ఆయన లెక్కలే చూపెను. 1922 సెప్టెంబరు 7వ తేదీన దివంగతుడయ్యెను.

ఆయన కీర్తివలన ఆ కఠిన చికిత్స పెక్కేండ్లు నిలిచెను. 1971లో బెర్నార్డు ఫిషరు మొదలగువా రారంభించిన పరిశోధన, కండరములను తీయకున్నను ఆయువు తగ్గదని నిరూపించెను. నేడు కత్తి పట్టకమునుపే చంకను అల్ట్రాసౌండుతోను, అవసరమైనచో అయస్కాంతబలముచే చిత్రములు తీయు ఎం.ఆర్.ఐ. యంత్రముతోను చూతురు. చిక్కుడుగింజవంటి గ్రంథి గుండ్రనైనను, పైపొర దళసరియైనను, నడిమి క్రొవ్వు కానరాకున్నను అనుమానింతురు. అయినను చిత్రము నిశ్చయము కాదు. స్వల్పవ్యాధి దానికి చిక్కకపోవచ్చును. గ్రంథినుండి తీసిన కణములను సూక్ష్మదర్శినితో చూచియే నిర్ణయింతురు.

హాల్‌స్టెడ్ చెప్పిన సమాధానము మారినది. వ్యాధి గ్రంథులకు ప్రాకినదా యను ప్రశ్న నిలిచినది. విద్యార్థులారా, పెద్దల మాటనైనను పరీక్షించియే గ్రహింపుడు. తల్లులారా, నొప్పి లేదని రొమ్ములోని గడ్డను దాచకుడు. వెంటనే వైద్యులకు చూపుడు.