ఇల్లమ్మగారి బిడ్డ – శ్రీ వల్లభాచార్యుల చరితము

జీర్ణోద్ధరణ పూర్తియై శిఖరంపై కలశం నిలిచిన ఈ శుభవేళ, ఒక తెలుగు తల్లి కన్న మహాచార్యుని స్మరించుకొందాము. గుజరాత్, రాజస్థాన్, వ్రజభూములలో మహాప్రభువుగా పూజలందుకొంటున్న శ్రీ వల్లభాచార్యులు మన వెలనాటి వైదిక కుటుంబీకులన్న సంగతి మనలో ఎందరికి తెలుసు?

తండ్రి లక్ష్మణభట్టు, తల్లి ఇల్లమ్మగారు. తరతరాలుగా సోమయాగాలు చేసిన వంశము. 1479లో కాశీపై దాడి జరుగనున్నదన్న భయంతో ఆ దంపతులు దక్షిణానికి బయలుదేరారు. దారిలో, నేటి ఛత్తీస్‌గఢ్‌లోని చంపారణ్యంలో, ఇల్లమ్మగారికి నెలలు నిండకనే ప్రసవమైంది. శిశువులో చలనం లేదు. ప్రాణం లేదనుకొని, వస్త్రంలో చుట్టి, జమ్మిచెట్టు క్రింద ఉంచి, కన్నీటితో ముందుకు సాగారు. మరలివచ్చి చూడగా అగ్నివలయం నడుమ ఆ బిడ్డ ఆడుకొంటూ కనిపించాడని సంప్రదాయ కథనం. కన్నతల్లి కన్నులే లేదనుకొన్నది, నిజానికి ఉన్నది!

ఆ బిడ్డ పెద్దవాడై జీవితమంతా బోధించినది ఒక విధంగా ఇదే. త్రాటిని చూసి పామని భ్రమించినట్లు జగత్తు తోచుచున్నదని అద్వైతులు చెప్పగా, వల్లభులు అంగీకరించలేదు. బంగారం ఏ నగగా మారినా బంగారమే అయినట్లు, బ్రహ్మమే మార్పు చెందకుండా జగత్తయినదని, కనుక జగత్తు సత్యమని వారి శుద్ధాద్వైతం. ఈ వాదంలో జయాపజయాలను పండితులకు విడుద్దాము. శంకరులనూ వల్లభులనూ ఒకే చేతులతో నమస్కరించే వారము మనము.

అయితే అసత్యమేది? జగత్తు వేరు, సంసారం వేరు అన్నారు వారు. జగత్తు భగవంతునిది. సంసారం మన అవిద్య అల్లుకొన్నది, అనగా నేను, నాది అన్న భావము. మీరు వనపర్తి నుండి బస్సులో వచ్చేటప్పుడు కిటికీలో చెట్లు వెనుకకు పరుగెత్తుట చూచే ఉంటారు. చెట్లు నిజమే, పరుగు మాత్రం వాటిది కాదు. రెండు కొండలను కలుపుతూ నిలిచిన మన ఘణపురం కోటను చూడండి. కొండ ఉన్నది, రాయి ఉన్నది. ఇది నాదన్న ఏలికలే లేరు.

వల్లభులు పాదరక్షలు లేకుండా మూడు పర్యాయాలు భారతదేశ యాత్ర చేశారు. విజయనగరంలో వాదవిజయానికి శ్రీకృష్ణదేవరాయలు కనకాభిషేకం చేయగా, ఆ రాశిలో ఏడు నాణెములు మాత్రమే స్వీకరించారని చెబుతారు. బ్రహ్మసూత్రాలకు అణుభాష్యం, భాగవతానికి సుబోధిని రచించారు. సూరదాసు వారి శిష్యుడే.

దాతలైన మీరు తప్పక తెలుసుకోవలసినది గోవర్ధనగిరిపై శ్రీనాథజీ ఆలయ కథ. అంబాలాకు చెందిన పూర్ణమల్లు అనే వర్తకుడు పూనుకొనగా 1499లో పునాది పడింది. ద్రవ్యం చాలక పని ఆగిపోయింది. ప్రతిష్ఠ జరిగినది 1519లో. ఇరువది యేండ్లు! మన పనులు కొన్ని నెలలు ఆలస్యమైతేనే ఎన్ని మాటలు వచ్చాయో మీకు తెలియనిది కాదు.

మరొక కథ వార్తా గ్రంథాలలో ఉన్నది. ఒకనాడు వల్లభుల ఇంట నైవేద్యానికి ధాన్యం లేకపోయింది. స్వామివారి బంగారు గిన్నెను కుదువపెట్టించి, సరుకులు తెప్పించి, నైవేద్యం సమర్పించారు. ప్రసాదాన్ని మాత్రం గోవులకు పెట్టించి, తాము ఉపవాసమున్నారు. స్వామి సొత్తుతో వండినది తమ ఆకలికి వాడరాదని. సర్వమూ ముందు స్వామికి నివేదించి, పిదప ప్రసాదంగా అనుభవించుమని లోకానికి చెప్పినవారే ఆ పూట పస్తున్నారు. ఈ ఆలయ ఫలకంపై పేరు చెక్కించుకొన్న మీరూ, ఈ వ్యాసం క్రింద పేరు వేయించుకోవాలనుకొన్న నేనూ ఆ గిన్నెను ఒకసారి తలచుకోవలసినవారమే.

వల్లభులు గృహస్థుగానే జీవించి, చివరి దినాలలో సన్న్యసించి, 1531లో కాశీలోని హనుమాన్ ఘాట్ వద్ద గంగాప్రవేశం చేశారు. ఔరంగజేబు కాలంలో శ్రీనాథజీని గోవర్ధనం నుండి తరలించవలసి వచ్చింది. పూర్ణమల్లు కట్టించిన కోవెల వెనుక మిగిలింది. స్వామి మాత్రం 1672 నుండి రాజస్థాన్‌లోని నాథద్వారలో, గోపురం లేని ఒక హవేలీలో, నిత్యసేవలందుకొంటున్నారు.