ఆంధ్రరత్న దుగ్గిరాలవారు – అభినయదర్పణము

దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి పేరు వినినంతనే చీరాల-పేరాల పోరాటమును, రామదండును జ్ఞప్తికి వచ్చును. అంతకు పూర్వమే వారు నందికేశ్వరుని అభినయదర్పణమును ఆంగ్లమున పాశ్చాత్యుల చేతికందించిన సంగతి మన పల్లెలలో నెరిగినవారు అరుదు.

నాటి కృష్ణాజిల్లా పెనుగంచిప్రోలున 1889వ సంవత్సరము జూన్ 2వ తేదీన వారు జన్మించిరి. పసితనముననే తల్లిదండ్రులు గతించుటచే నాయనమ్మ పెంచి పెద్దచేసెను. చదువుకొను నాడే పాటలయందును నాటకములయందును మక్కువ మెండు. పిదప బాపట్ల తాలూకా కచేరీలో ఒక సంవత్సరము కొలువు చేసిరి. ఆ కాలమున కచేరీ యుద్యోగమనిన సామాన్యము కాదు. పిల్లనిచ్చువారు గడపలో వేచియుందురు. అయినను వారి మనసు దస్త్రములపై నిలువలేదు. 1911లో మిత్రులు నడింపల్లి నరసింహారావుగారితో స్కాట్లండు వెళ్ళి, ఎడింబరో విశ్వవిద్యాలయమున ఎం.ఏ. పట్టమునొందిరి.

విదేశమున నున్న ఆ దినములలోనే ఆనంద కుమారస్వామిగారి స్నేహము లభించెను. కుమారస్వామిగారు 1877లో కొలంబోలో పుట్టినవారు. తండ్రి తమిళుడు, తల్లి ఆంగ్లేయురాలు. ఇంగ్లండున పెరిగి, భారతీయ కళల మర్మమును పాశ్చాత్యులకు తెలుపుటకే జీవితమును ధారపోసి, 1917 మొదలు 1947లో కన్నుమూయువరకు అమెరికాలో బోస్టను మ్యూజియమునందు పనిచేసిరి. గార్డన్ క్రెయిగ్ అను ఆంగ్ల నాటకప్రయోక్త మన నాట్యశాస్త్రముల వివరములు కావలెనని వారిని పలుమారు కోరెను. అభినయదర్పణము సంస్కృత గ్రంథమే గాని, వారికి ఆధారమైన అచ్చుప్రతి తెలుగు లిపిలోనిది. తెలుగువాని తోడు ఎంత అక్కరకు వచ్చెనో ఊహింపవచ్చును.

పని సులభమైనది కాదు. శిరోభేదములు 9, దృష్టిభేదములు 8, గ్రీవాభేదములు 4, ఒంటిచేతి హస్తములు 28. పతాకహస్తము ఒక్కటియే మేఘమును, అడవిని, నదిని, రాత్రిని తెలుపును, వలదనుటకును అదియే. కూచిపూడి భాగవతములను, తోలుబొమ్మలాటలను తెల్లవార్లు చూచిన మనకు చేయి కదలిన భావమందును. అట్టి ఆటను ఎన్నడును చూడనివానికి పుస్తకమున నచ్చజెప్పుట ఏటికి ఎదురీత. పైగా స్వదేశమున చదువుకొన్నవారే నాట్యమును భోగముమేళమని యీసడించుచున్న రోజులవి. ఆ అనువాదమును 'ది మిర్రర్ ఆఫ్ జెశ్చర్' అను పేర 1917లో హార్వర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయము ప్రకటించెను. ముఖపత్రమున కుమారస్వామిగారి పేరును, దాని వెంట దుగ్గిరాలవారి పేరును కలవు.

కుమారస్వామిగారివలె విదేశమున నిలిచియుండిన వీరికిని అట్టి ఖ్యాతి దక్కెడిదేమో. వీరు నిలువలేదు. స్వదేశమునకు వచ్చి రాజమహేంద్రవరమునను, బందరునను కొంతకాలము ఉపాధ్యాయులుగా నుండిరి. అచ్చటను ఇమడలేదు.

1970 నుండి 2022 వరకు మార్కాపురము, గిద్దలూరులతో నొక్క జిల్లాలోనిదైన చీరాల, ఆనాడు గుంటూరు జిల్లాలోనిది. 1919లో ప్రభుత్వము చీరాల-పేరాలలను మునిసిపాలిటీ చేయగా పన్నులు పలురెట్లు పెరిగెను. మగ్గముపై బ్రతుకువారు ఎక్కడనుండి తెత్తురు? గోపాలకృష్ణయ్యగారు వారికి అండగా నిలిచిరి. కాషాయవస్త్రములు, రుద్రాక్షలు, నుదుట కుంకుమ ధరించిన యువకులతో రామదండును కూర్చిరి. వారి యుపన్యాసమున పద్యము, పాట, హాస్యము కలగలిసి యుండెడివి. శాస్త్రమున చదివినది వీథిలో ప్రయోగించిరనిన తప్పులేదు. 1921 ఏప్రిల్‌లో గాంధీమహాత్ముడు చీరాలకు వచ్చి, ఊరు విడిచిపోవుటయు నొక మార్గమని సూచింపగా, సుమారు 13,000 మంది ఇండ్లు విడిచి, పొలిమేర వెలుపల రామనగరమున గుడిసెలు వేసికొనిరి. ఎండకు, వానకు ఓర్చి పదునొకండు మాసములు గడపిరి. ఈ నడుమనే, ఉపన్యసింపరాదను ఉత్తరువును బరంపురమున ధిక్కరించినందులకు దుగ్గిరాలవారికి ఒక సంవత్సరము శిక్షపడి, తిరుచిరాపల్లి చెరసాలకు పోయిరి. నాయకుడు లేడు, చేతిలో పైకము లేదు. జనులు తిరిగి ఇండ్లకు రాక తప్పలేదు. మునిసిపాలిటీయు నిలిచెను. దీనిని వారి యోటమి యనువారు గలరు. గుడిసెలలో నున్నవారి యోర్పును లెక్కింపక అట్లనుట న్యాయము కాదు.

తరువాతి యేండ్లు లేమితో గడచెను. క్షయవ్యాధి సోకి 1928 జూన్ 10వ తేదీన, 39 ఏండ్ల ప్రాయమున, వారు గతించిరి. ఎనిమిదేండ్ల పిదప, 1936లో, ఆ యనువాద గ్రంథము న్యూయార్కున రెండవసారి అచ్చయ్యెను.